పాప పిస్టల్ షూటింగ్ వీడియో: కెమెరా ఉండాల్సింది టోపీ మీద కాదు, స్టాండు మీద

మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. పాపకు పదమూడేళ్ళు. ఎనిమిది నెలలుగా గచ్చిబౌలి వైపు పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మీరు యాక్షన్ కెమెరా కొని తన టోపీకి బిగించారు. వీడియో అంతా ఊగిపోతోంది, టార్గెట్ మీద పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఎక్కడ పడిందో కనబడట్లేదు. సెట్టింగ్స్ ఏం పెట్టాలి, వచ్చే నెల మ్యాచ్‌లో కూడా ఇలాగే పెట్టుకోనిస్తారా అన్నది ప్రశ్న. నేను పన్నెండేళ్ళు పిస్టల్ కాల్చాను. ఇప్పుడు శని, ఆదివారాల్లో చిన్నపిల్లల వెనక కూర్చుని వాళ్ళ వీడియోలు తీసి చూపిస్తుంటాను. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఆ కెమెరాను టోపీ మీద నుంచి ఈరోజే తీసేయండి. గట్టిగా చెప్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఈ కెమెరాల్లో చాలావరకు బిగింపుతో కలిపి 150 గ్రాములు దాటుతాయి. చేతిలో పట్టుకుంటే బరువే అనిపించదు. కానీ చిన్నపిల్ల నుదుటి మీద గంటసేపు ఉంటే మెడను ముందుకు లాగుతూనే ఉంటుంది. పిస్టల్‌లో తల నిలిపే తీరే సగం పని. తల రవ్వంత వంగినా కన్ను, రేర్ సైట్, ఫ్రంట్ సైట్ (పిస్టల్ మీద వెనకా ముందూ ఉండే గురి గుర్తులు) ఒక గీతలోకి రావడానికి మణికట్టు సర్దుకోవాల్సి వస్తుంది. ప్రాక్టీస్ అంతా ఒక తలతో చేసి, మ్యాచ్ ఇంకో తలతో కాల్చినట్టు అవుతుంది.

ఇక టార్గెట్ కనబడకపోవడం మీ సెట్టింగ్స్ తప్పు కాదు. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో నల్లటి భాగం అడ్డం 59.5 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరంలో వెడల్పు లెన్స్‌తో తీస్తే 4కేలో కూడా అది పదీ పదకొండు పిక్సెళ్ళ చుక్క. పెల్లెట్ చేసే రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, అంటే ఒక్క పిక్సెల్ కూడా రాదు. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఇది మారదు. కెమెరాను టార్గెట్ దగ్గర పెడదామని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ మాట రేంజ్‌లో ఎత్తకండి. ఫైరింగ్ లైన్ (కాల్చేవాళ్ళు నిలబడే గీత) దాటి ముందుకు ఏ వస్తువూ వెళ్ళకూడదు, పెల్లెట్ తగిలి వెనక్కి ఎగిరిందంటే కన్ను పోతుంది.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది కదా, ఆ స్థాయి ఫైనల్స్ వీడియోలు ఒకసారి పెట్టుకుని చూడండి. టీవీ వాళ్ళు కెమెరాను కాల్చే మనిషి మీదే ఉంచుతారు. ముఖం, భుజం, చెయ్యి కనబడతాయి. టార్గెట్ తెర మూలన బొమ్మగా వస్తుంది, అది ఎలక్ట్రానిక్ టార్గెట్ పంపించే లెక్క. మీరూ అదే చేయండి. షాట్ ఎక్కడ పడిందో పక్కన ఉన్న మానిటర్ చెప్తుంది. పేపర్ టార్గెట్ అయితే, కాగితం మోటారు మీద వెనక్కి వచ్చాక వరుస నంబరు రాసి పక్కన పెట్టుకోండి. కెమెరాతో తీయాల్సింది కాగితం చెప్పలేనిది. పది రావాల్సిన చోట ఎనిమిది పాయింట్లే ఎందుకు పడ్డాయో తెలియాలంటే చేతినీ, భుజాన్నీ, గడియారాన్నీ చూడాలి.

ఎక్కడ పెట్టాలన్నది చాలామంది ఆలోచించని విషయం. కుడిచేత్తో కాల్చే పిస్టల్ షూటర్ కుడిభుజం టార్గెట్ వైపు పెట్టి పక్కకి తిరిగి నిలబడతారు. అంటే ఛాతీ, ముఖం ఎడమవైపుకి ఉంటాయి. కెమెరా ఎడమపక్కన ఉంటేనే అసలు సంగతి కనబడుతుంది. మధ్య లేన్‌లో (ఒక్కొక్కరికి కాల్చడానికి ఇచ్చే చోటు) నిలబడితే ఎడమపక్కన ఇంకొకరు కాలుస్తుంటారు, వాళ్ళ చోటులో మన స్టాండు పెట్టలేం. అందుకే ప్రాక్టీస్‌కి కొంచెం ముందుగా వెళ్ళి ఎడమ చివరి లేన్ అడిగి తీసుకోండి. గోడ వారగా, పాప భుజం ఎత్తులో, లైన్ దాటకుండా స్టాండు పెట్టండి. పాప ఎడమచేతి వాటం అయితే ఇదంతా కుడి చివర. రైఫిల్ వాళ్ళకి ఇది తిరగబడుతుంది, కుడిచేతి రైఫిల్ షూటర్ ఎడమభుజం ముందుకు పెట్టి నిలబడతారు కాబట్టి కుడి చివరి లేన్ కావాలి.

చివరి లేన్ దొరకని రోజు పాప వెనక నుంచి తీయండి. చెయ్యి, భుజం, టార్గెట్ మూడూ ఒకే వరుసలో కనబడేలా నడుము ఎత్తులో పెడితే ఒళ్ళు అటూ ఇటూ ఎంత ఊగుతోందో బాగా తెలుస్తుంది. ఫ్రేమ్‌లో ఏదో ఒక నిలువు గీత, లేన్ స్తంభమో గోడ అంచో, ఉండేలా చూసుకోండి. ఊగడాన్ని కొలవడానికి అదే స్కేలు. స్టాండును మాత్రం పిస్టల్ పెట్టే టేబుల్ మీద గానీ, దానికి తగిలేలా గానీ పెట్టొద్దు. పిస్టల్ కింద పెట్టిన ప్రతిసారీ కెమెరా అదురుతుంది, పాప దృష్టి కూడా అటు పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో మామూలు అల్యూమినియం స్టాండ్లు దొరుకుతాయి, ఖరీదైనది అక్కర్లేదు, మధ్య కడ్డీ వదులుగా జారనిది చూసి తీసుకోండి. స్టాండు కాళ్ళ కింద నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుంటే పోయిన వారం వీడియో, ఈ వారం వీడియో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అలా పోల్చుకోకపోతే తీసి ప్రయోజనం తక్కువ.

సెట్టింగ్స్‌లో మొదట చూడాల్సింది స్టెబిలైజేషన్, అంటే ఊగడాన్ని కెమెరానే సర్దేసే ఏర్పాటు. దాన్ని పూర్తిగా ఆపేయండి. బైక్ మీద వెళ్ళేవాళ్ళకి అది వరం. మనకి కావాల్సింది అసలు కదలిక. టోపీ మీదో చేతి మీదో కెమెరా పెట్టి అది ఆన్‌లో ఉంచితే, షూటర్ ఊగుతున్నది కెమెరానే సర్దేస్తుంది. వీడియోలో పాప రాయిలా నిలబడినట్టు కనబడుతుంది, స్కోరు చూస్తే వేరేలా ఉంటుంది. స్టాండు మీద పెట్టినప్పుడు దానితో ఎలాగూ పని లేదు, పైగా ఫ్రేమ్ అంచులు కోసేస్తుంది. రెండోది లెన్స్. వెడల్పు మోడ్ వద్దు, గీతలు వంచకుండా తీసే లీనియర్ మోడ్ పెట్టండి. వెడల్పులో ఫ్రేమ్ అంచుల దగ్గర నిలువు గీతలు విల్లులా వంగుతాయి. ఒకరోజు ఓ కుర్రాడి నడుము వెనక్కి ఎక్కువ వాలుతోందని అరగంట సరిచేశాను. తర్వాత చూస్తే వాడి వెనకున్న స్తంభం కూడా అలాగే వాలి ఉంది.

మూడోది, లైట్లు. ఇండోర్ రేంజ్‌లో తీసిన వీడియోలో వెలుతురు దడదడలాడినట్టు, పట్టీలు పాకినట్టు వస్తుందా? మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల ట్యూబ్‌లైట్లు, కొన్ని రకాల ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. కెమెరాలో యాంటీ ఫ్లికర్ అనే చోట 60 ఉంటే దాన్ని 50కి మార్చండి. అప్పుడు ఫ్రేమ్ రేట్లు (సెకనుకు తీసే బొమ్మలు) 25, 50, 100, 200గా మారతాయి. మామూలు ప్రాక్టీస్‌కి 4కే అక్కర్లేదు, 1080 రిజల్యూషన్‌లో 50 ఫ్రేములు చాలు. ట్రిగ్గర్ వేలిని స్లో మోషన్‌లో చూడాలంటే 200 ఉంది కదా అని దానికి పోకండి. ఇండోర్‌లో 200 పెడితే ఒక ఫ్రేమ్ వెలుగు, ఒక ఫ్రేమ్ చీకటి వచ్చి కళ్ళు లాగుతాయి. 100 పెడితే ప్రతి ఫ్రేమ్‌కీ ఒక మినుకు సరిపోతుంది, బొమ్మ నిలకడగా ఉంటుంది. ఆరుబయట ఎండలో ఈ ఇబ్బంది లేదు, అక్కడ 200 పెట్టుకోవచ్చు.

4కే ఎందుకు వద్దంటున్నానంటే, ఈ కెమెరాలు గాలి తగులుతూ పరిగెత్తడానికి చేసినవి. గాలి ఆడని గదిలో స్టాండు మీద కదలకుండా పెట్టి 4కేలో తీస్తే వేడెక్కి ఆగిపోతాయి, ఏప్రిల్, మే నెలల్లో అయితే మరీ త్వరగా. బ్యాటరీ కూడా మ్యాచ్ మొత్తానికి రాదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద పది మీటర్ల మ్యాచ్‌కి ముందు 15 నిమిషాలు సైటింగ్ (స్కోరులోకి రాని షాట్లు), తర్వాత 60 షాట్లకి 75 నిమిషాలు. పేపర్ టార్గెట్ అయితే ఆ 75 కాస్తా 90. పవర్ బ్యాంకు నుంచి వైరు పెట్టి నడిపించండి. 1080లో గంటకు సుమారు 20 జీబీ పడుతుంది, 64 జీబీ కార్డు ధారాళంగా సరిపోతుంది. కార్డు, పవర్ బ్యాంకు సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ దుకాణాల సముదాయం) బిల్లుతో తీసుకోండి, నకిలీ కార్డు అయితే సరిగ్గా నలభయ్యో షాట్ దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వీడియో తీశాక ఏం చూడాలి?

మొదట గడియారం చూడండి. పాప చెయ్యి పైకెత్తి, కిందికి దించి, నల్లటి భాగం కింద సైట్లు నిలిపినప్పటి నుంచి షాట్ పేలే వరకు ఎన్ని సెకన్లు పట్టిందో ప్రతి షాట్‌కీ కాగితం మీద రాయండి. అరవై షాట్లు వెతకడం కష్టమనుకోకండి. ఎడిటింగ్ యాప్‌లో శబ్దం గీతను పెద్దది చేసి చూస్తే ప్రతి షాట్ దగ్గరా ఒక ముల్లు లేచి ఉంటుంది. పక్క లేన్ షాట్లకీ ముళ్ళు ఉంటాయి, కానీ కెమెరా పాప పక్కనే ఉంది కాబట్టి తనవే పొడుగ్గా ఉంటాయి. మంచి షాట్లు చాలామంది పిల్లల్లో ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో వస్తాయి. పది దాటితే కన్ను అలిసిపోయి, సైట్లు నిలబడ్డాయన్న భ్రమ మాత్రం మిగులుతుంది. మా దగ్గర ఓ అమ్మాయి మొదటి ఇరవై షాట్లు ఆరేడు సెకన్లలో కాల్చేది, నలభై దాటాక పదకొండు, పన్నెండుకి పాకేది. తను మాత్రం "చివర్లో టెన్షన్ వస్తోంది సార్" అనేది. అంకెలు చూపించాక తనే, "నేను దించేసి మళ్ళీ ఎత్తడం మానేశాను కదా" అంది. ఆ తర్వాత తొమ్మిది సెకన్లు దాటితే చెయ్యి దించేయడమే ప్రాక్టీస్‌గా పెట్టుకుంది.

తర్వాత షాట్‌కి ముందు అర సెకను చూడండి. షాట్ తర్వాత కాదు. ఎయిర్ పిస్టల్ పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో పోతుంది, పది మీటర్లు దాటడానికి సెకనులో పదిహేనో వంతు చాలు. బ్యారెల్‌లో (పిస్టల్ గొట్టంలో) అది ఉండే సమయం మన కెమెరా ఒక ఫ్రేమ్ కన్నా తక్కువ. షాట్ పేలాక కనబడే కదలిక చాలావరకు రికాయిల్ (పిస్టల్ వెనక్కి తన్నడం), దాన్ని చూసి తప్పు పట్టడం వృథా. తప్పు ముందే మొదలై ఉంటుంది.

ఒక్కటి దగ్గరగా చెప్తాను. ఓ కుర్రాడికి ప్రతి సిరీస్‌లో (పది షాట్ల వరుసలో) రెండు మూడు షాట్లు కింద ఎడమవైపుకి పోయేవి. ట్రిగ్గర్ లాగేస్తున్నాడని నెల రోజులు అందరం వాడి కుడిచేతి వేలినే చూశాం. వేలు బాగానే ఉంది. ఒకరోజు 100 ఫ్రేముల్లో తీసి ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతుంటే, ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి కంటబడింది. చెయ్యి ప్యాంటు జేబులో ఉంది, బొటనవేలు బయట. షాట్‌కి దాదాపు ముప్పై ఫ్రేముల ముందు జేబు గుడ్డ మీద మడతలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. లోపల పిడికిలి పడుతోంది. బాగా పడిన షాట్లలో ఆ గుడ్డ ముడతలు కదలనే లేదు. ఎడమచెయ్యి బిగిస్తే కుడిచెయ్యి కూడా తెలియకుండానే బిగుస్తుంది. వాడికి మాటల్లో ఏమీ చెప్పలేదు, రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి జేబు చూడమన్నాను. మరుసటి వారం నుంచి చెయ్యి జేబులో పెట్టే ముందు వేళ్ళు ఒకసారి విదిలించుకోవడం మొదలుపెట్టాడు.

అందుకే ఫ్రేమ్‌లో చేతిని ఒక్కదాన్నే పెద్దగా పెట్టకండి. మోకాళ్ళ నుంచి తల దాకా రావాలి. మడమలు, జేబు, గడ్డం, భుజం, అన్నీ. వారానికి ఒకరోజు తీస్తే చాలు, ఒక్క సంగతే చూపించండి. ఐదు తప్పులు ఒకేసారి చూపిస్తే పాప లైన్ మీద నిలబడి ఐదింటినీ తలుచుకుంటుంది, షాట్ వదలదు. కోచ్ ఏమంటారో ముందు ఆయనకి వీడియో చూపించి కనుక్కోండి. మీరొకటి, ఆయనొకటి చెప్తే నలిగేది పిల్లే.

గురి ఎలా కదులుతోందో గీతలాగా చూడాలంటే ఈ కెమెరా చాలదు. బ్యారెల్‌కి సెన్సర్ బిగించి గురి జాడను కంప్యూటర్‌లో చూపించే స్కాట్ లాంటి ట్రైనర్లు దానికోసమే ఉన్నాయి. ఎనిమిది నెలల పిల్లకి ఇప్పుడే వాటి అవసరం లేదు.

ఇంట్లో డ్రై ప్రాక్టీస్ (పెల్లెట్ లేకుండా కాల్చే సాధన) కూడా తీయండి, నిజం చెప్పాలంటే మొదటి ఏడాది అదే ఎక్కువ ఉపయోగం. ఖాళీ తెల్లగోడ ముందు, పిస్టల్ డ్రై ఫైర్‌లో పెట్టి పదిహేను షాట్లు. పెల్లెట్ డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు, మొదలుపెట్టే ముందు బ్యారెల్ ఖాళీ అని మీరూ పాపా ఇద్దరూ చూడాలి, అయిపోగానే బ్యారెల్ ఖాళీ అని చూపించే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ పెట్టేయాలి.

ఇక మ్యాచ్. పాప ఒంటి మీద, టోపీ మీద, పిస్టల్ మీద కెమెరా ఉంచే ఆలోచన వద్దు. ఎయిర్ పిస్టల్ 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. దానికి కెమెరా తగిలిస్తే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (మ్యాచ్‌కి ముందు పరికరాల తనిఖీ) దగ్గరే ఆగిపోతుంది. ఫైరింగ్ లైన్ మీద ఆటగాళ్ళ దగ్గర ఫోన్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు ఉండకూడదు. మీరు ప్రేక్షకులు కూర్చునే చోటు నుంచి తీసుకోవచ్చా అన్నది ఆ మ్యాచ్ అధికారుల ఇష్టం. ముందురోజే వెళ్ళి చీఫ్ రేంజ్ ఆఫీసర్‌ని అడగండి, ఆయన వద్దంటే అక్కడితో వదిలేయండి. ఫ్లాష్ మాత్రం ఏ మ్యాచ్‌లోనూ ఒప్పుకోరు.

ఒప్పుకుంటే, కెమెరా బీప్ శబ్దం పూర్తిగా ఆపండి. ఎర్రలైటు ఆపండి. వాయిస్ కంట్రోల్ ఆపండి. ఇది నా అనుభవంతో చెప్తున్నాను. కొన్నేళ్ళ క్రితం ఓ మ్యాచ్‌లో మా పిల్లాడి కోసం వెనక కెమెరా పెట్టాను, బ్యాటరీ అయిపోతోందని అది మూడుసార్లు కూసింది. రెండు లేన్ల అవతల ఓ అమ్మాయి అప్పుడే ట్రిగ్గర్ మీద వేలు పెట్టింది. ఉలిక్కిపడి చెయ్యి దించేసింది, మళ్ళీ ఎత్తడానికి నిమిషం పట్టింది. రేంజ్ ఆఫీసర్ వచ్చి కెమెరా తీయించారు, తీయించాల్సిందే. మ్యాచ్ అయ్యాక ఆ అమ్మాయికీ, వాళ్ళ నాన్నగారికీ క్షమాపణ చెప్పుకున్నాను. ఆ నిమిషం తనకి ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అప్పటి నుంచి ఇంటి దగ్గరే అన్నీ ఆపి, ఒకసారి రికార్డింగ్ మొదలుపెట్టి ఆపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాకే బ్యాగులో పెడతాను.

మ్యాచ్ మధ్యలో వీడియో చూపించే ప్రయత్నం చేయకండి. పాప రేంజ్ ఆఫీసర్‌కి చెప్పి లైన్ వదిలి కోచ్‌తో మాట్లాడొచ్చు, అంతే. ఆ రోజు రాత్రి కూడా చూపించొద్దు. తనే రెండు రోజుల తర్వాత అడుగుతుంది.

మీ పాప స్నేహితురాలు ట్రాప్ (ఎగిరే మట్టి పళ్ళేలను షాట్‌గన్‌తో కొట్టే పోటీ) కాలుస్తుందని రాశారు. షాట్‌గన్‌లో టోపీ కెమెరాకి ప్రాక్టీస్ వరకు కొంత అర్థం ఉంది. అక్కడ 110 మిల్లీమీటర్ల మట్టి పళ్ళెం కదులుతూ పోతుంది. పిలుపు ఎప్పుడు, పళ్ళెం ఎప్పుడు లేచింది, తల ఎటు తిరిగింది, షాట్ ఎప్పుడు అన్నది ఒకే వీడియోలో శబ్దంతో సహా దొరుకుతుంది. అయినా వారానికి ఒక రౌండు, 25 పళ్ళాలు, అంతకు మించి వద్దని చెప్పండి.

చివరగా, ఈ వీడియోలు నెట్‌లో పెట్టేటప్పుడు ఒక్కసారి ఫ్రేమ్ అంతా చూడండి. వెనక లేన్లలో ఉన్నది ఎవరి పిల్లలో. వాళ్ళ ముఖాలు, పేర్లున్న బోర్డులు, మానిటర్ మీద వాళ్ళ స్కోర్లు పెట్టే హక్కు మనకి లేదు. గోడవారగా తీస్తే ఆ ఇబ్బంది చాలావరకు రాదు, చివరి లేన్ తీసుకోమనడానికి అదీ ఒక కారణం.

ఈ శనివారం ఎడమ చివరి లేన్‌లో, 1080, 50 ఫ్రేములు, లీనియర్, స్టెబిలైజేషన్ ఆఫ్ పెట్టి ఇరవై షాట్లు తీయండి. ప్రతి షాట్‌కీ సెకన్లు, పక్కన స్కోరు రాసి ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి. వీడియో అక్కర్లేదు. ఆ ఇరవై జతల అంకెలు చూస్తే తర్వాత ఎక్కడ వెతకాలో చెప్పగలను.